చదివింపుల పుస్తకం

2022 వేసవిలో మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి ఓణీల ఫంక్షన్ చేసింది. పందిరి, మైకు, మూడొందల మందికి చికెన్ బిర్యానీ, సందు మొదట్లో ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పిల్ల ఫోటో మధ్యలో, చుట్టూ బంధువుల తలకాయలు, పై మూలల్లో ఇద్దరు హీరోలు. మొత్తం 1,10,000 అయిందని, అందులో 80,000 అప్పని మా ఆవిడ ద్వారా తెలిసింది.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, అద్దె ఎంత, బాకీ ఎంత. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఎక్కడైనా అప్పు అనే మాట వినబడితే వడ్డీ కట్టి చూసుకుంటే గానీ నిద్రపట్టని జబ్బు నాది. రెండు రోజులు ఆగి, ఆవిడ అంట్లు తోముతుంటే కాగితం, పెన్ను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "మూడు రూపాయల వడ్డీ వేసుకున్నా నెలకి 2,400 అవుతుంది. ఏడాదికి 28,800. ఆ డబ్బుతో పిల్లని పాలిటెక్నిక్ చదివించొచ్చు. మీరు ఎప్పటికీ ఇలాగే ఉండిపోయేది ఇందుకే" అన్నాను.

"మీరు" అన్నాను. ఆవిడ నాకంటే నాలుగేళ్లు పెద్దదే, అయినా ఎప్పుడూ నువ్వనే అంటాను. ఆ ఒక్క వాక్యంలో మీరు అన్నాను. అది మర్యాద కాదు, బహువచనం.

ఆవిడ చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంది. "రేపు పుస్తకం తెచ్చి చూపిస్తా సార్" అంది.

తెచ్చింది. ఒకటి కాదు, రెండు. మొదటిది అట్ట ఊడిపోయిన పాత నోటుబుక్కు. పన్నెండేళ్లలో ఎవరింటి శుభకార్యానికి తను ఎంత చదివించిందో అందులో ఉంది. రాత ముందు ఆవిడ తమ్ముడిది, తర్వాత కొడుకుది, చివరి పేజీల్లో కూతురిది. 116, 216, 516, ఒకచోట 2,116. రెండో పుస్తకం మొన్నటి ఫంక్షన్‌ది. వచ్చిన చదివింపులు 68,000. మేనమామ పెట్టిన చీర, కమ్మలు వేరే. "నేను ఇచ్చినవి 61,000 దాకా ఉన్నాయి సార్. ఫంక్షన్ చెయ్యకపోతే అవి పోయినట్టే కదా. ఇంకో ఇద్దరు రాలేదు. వాళ్లది మావాడి పెళ్లికి వస్తుంది."

అప్పు సంగతి అడిగాను. 50,000 డ్వాక్రా సంఘంలో తీసుకుంది. 20,000 తెలిసినావిడ దగ్గర మూడు రూపాయల వడ్డీకి. ఆఖర్న వంటవాళ్లకి చాలక 10,000 డైలీ ఫైనాన్స్. ఫంక్షన్ అయిన రాత్రే చదివింపులు లెక్కపెట్టి, తెల్లారేసరికి డైలీ ఫైనాన్స్, మూడు రూపాయల వడ్డీ రెండూ తీర్చేసింది. డ్వాక్రాలో 30,000 కట్టింది. పందిరివాడికి మిగతాది. అంటే నేను గుమ్మంలో నిలబడి 80,000 మీద వడ్డీ కడుతున్న సమయానికి ఆవిడ బాకీ 20,000. అది కూడా అన్నిటికన్నా తక్కువ వడ్డీది. ఖరీదైన అప్పు ముందు తీర్చాలి, చవకది చివర ఉంచుకోవాలి అని మా స్టోరేజీలో మేనేజరు చెబితే అందరం తలూపుతాం.

జమ పేజీ చూడకుండా ఖర్చు పేజీ ఒక్కటే చూసి నిల్వ తేల్చాను. ఈ తప్పు మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు చేస్తే అరుస్తాను.

ఆ ఫంక్షన్ అవసరమేనని నేను అనను. వచ్చింది తీసేసినా చేతి నుంచి పోయింది 42,000. అది ఆవిడ నాలుగిళ్లలో చేసే పనికి నాలుగు నెలల పైన జీతం. ఇప్పటికీ ఎక్కువనే అనిపిస్తుంది. కానీ అంతకు ముందు ఏడాదే మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్ ఒక ఏసీ హాల్లో జరిగింది. డ్రోన్ కెమెరా, కేరళ నుంచి డప్పులు, ఆరు లక్షలు. నేను కాగితం, పెన్ను పట్టుకుని అన్నయ్య ఇంటి గుమ్మంలో నిలబడలేదు. వంకాయ బాగుందన్నాను.

అప్పట్నుంచి ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు. పేదరికాన్ని చూసి మనిషికి మార్కులు వెయ్యడం న్యాయమా? నాకు తోచిన సమాధానం, న్యాయం కాదని. పేదవాళ్లు తప్పులు చెయ్యరని కాదు. చేస్తారు, మనలాగే చేస్తారు. కానీ మన తప్పులకి గోడలున్నాయి, తలుపులున్నాయి, అన్నయ్యలున్నారు, పీఎఫ్ ఉంది. వాళ్ల తప్పు జరిగిన గంటకే వీధిలో ఉంటుంది, దానికి మైకు కూడా ఉంటుంది. మనం చూస్తున్నది వాళ్ల గుణం అనుకుంటాం. నిజానికి చూస్తున్నది తప్పు చేస్తే వాళ్లు కట్టాల్సిన రేటు.

అసలు మన భాషలోనే ఈ తీర్పు ఇరుక్కుని ఉంది. పిల్లాడు చొక్కా మీద కూర పోసుకుంటే "దరిద్రుడా" అంటాం. బస్సు ఆలస్యమైతే దరిద్రం. సినిమా బాగోకపోతే దరిద్రం. గీసిగీసి బేరమాడితే దరిద్రగొట్టు బేరం, తక్కువ చదివిస్తే ముష్టి వేసినట్టు. డబ్బు లేకపోవడానికి ఉన్న మాటే తిట్టు అయిపోయింది. అటుపక్క డబ్బున్నవాళ్లు "పెద్దవాళ్లు", వాళ్ల సంబంధం "మంచి సంబంధం". నేను కూడా ఇలాగే మాట్లాడతాను. నలభై ఏడేళ్లు వాడిన మాటలు ఒక వ్యాసం రాసినంత మాత్రాన పోవు.

ఇక మా బాబాయి సంగతి. ఈ విషయం మీద ఆయనతో నాకు ప్రతి పండక్కీ గొడవే. "కష్టపడితే ఎవడైనా పైకొస్తాడురా. నన్ను చూడు" అంటాడు. సరే, చూద్దాం.

తుళ్లూరు దగ్గర తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల మెట్ట ఆయనది. పత్తి, మిరప వేసేవాడు. కష్టపడ్డాడు, అబద్ధం చెప్పను. మందు కొట్టి కొట్టి కళ్లు మండుతుంటే రాత్రిళ్లు తడిగుడ్డ వేసుకుని పడుకునేవాడు. అలా ముప్ఫై ఏళ్లు కష్టపడితే మిగిలింది ఒక డాబా, కొంత అప్పు. 2014 సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లో అని అసెంబ్లీలో ప్రకటించారు. ఆ దీపావళికి బాబాయి ధనవంతుడు. ఒక ఎకరం అమ్మి గుంటూరులో ఇల్లు కొన్నాడు. రెండోది రాజధాని కోసం చేసిన భూసమీకరణలో ఇచ్చాడు. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు ఏటా కౌలు, 30,000తో మొదలు. ఆగస్టులో బాబాయి ఎంత కష్టజీవో సెప్టెంబరులోనూ అంతే కష్టజీవి. మారింది మ్యాపు.

అదే పొలంలో ఇరవై ఏళ్లు పత్తి తీసిన, మిరప కోసిన కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి పెద్దామె వేళ్లు మిరప ఘాటుకి ఎప్పుడూ ఎర్రగా పొక్కి ఉండేవి. కష్టానికే ఫలితం అయితే మా బాబాయికి వచ్చినదాంట్లో ఆమెకి సగం రావాలి. పంట ఆగిపోయింది, కూలి పోయింది. భూమి లేని కుటుంబాలకి ఇస్తామన్న పింఛను మొదట్లో నెలకి 2,500. బాబాయి చెడ్డవాడేం కాదు, ఆమె మనవరాలి కాలేజీ ఫీజు రెండుసార్లు కట్టాడు. కానీ ఆమె గురించి మాట వస్తే "వాళ్లకి ముందుచూపు లేదురా" అంటాడు. ఏ ముందుచూపు? తాతగారు రెండెకరాలు తుళ్లూరు దగ్గర కాకుండా పల్నాడులో కొని ఉంటే, ఈయన ముందుచూపు ఎక్కడ ఉండేదో నాకు తెలీదు.

దీనికి రెండో భాగం కూడా ఉంది. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. బాబాయి ప్లాట్లు అడిగేవాడు లేడు. వాటిని నమ్ముకుని చేసిన అప్పు అలాగే ఉంది. అప్పుడు మా చుట్టాలే "ఆశకి పోయాడు, ముందే అమ్ముకోవాల్సింది" అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది, ధరలు లేచాయి. "నీ ఓపికే ఓపిక బాబాయ్" అన్నారు. ఐదేళ్లలో ఒకే మనిషికి ఒకసారి బుద్ధి పోయింది, ఒకసారి తిరిగొచ్చింది. డబ్బుతోపాటే వెళ్లి డబ్బుతోపాటే వచ్చింది.

నేను ఇవన్నీ రోజూ ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. తేజ రకం మిర్చి 2023లో క్వింటాలు 20,000 దాటింది. 2025 మొదట్లో ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అదే నేల, అదే మందులు, అదే మనిషి. సొంత పొలం ఉన్న రైతు టిక్కీలు మా దగ్గర పెట్టి, రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకుని, ధర కోసం ఆగుతాడు. కౌలు రైతు ఆగలేడు. కౌలు ముందే కట్టేశాడు, పురుగుమందుల కొట్లో బాకీ ఉంది, కూలీలకి ఇవ్వాలి. వచ్చిన ధరకి మిర్చి యార్డులోనే అమ్మేసి ఖాళీ బస్తాలు మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కుతాడు. మూడు నెలల తర్వాత ధర పెరిగితే మా ఆఫీసులో టీ తాగుతూ "తొందరపడ్డాడు" అనుకుంటాం. ఓపిక గుణం కాదు, దానికీ అద్దె ఉంటుంది. ఆ అద్దె బిల్లులు రాసేది నేనే.

వడ్డీ కూడా అంతే. ఆవిడ తీసుకున్న డైలీ ఫైనాన్స్ లెక్క చెబుతాను. 10,000 అడిగితే చేతికి 8,500 ఇస్తారు. రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. పైకి చూస్తే వడ్డీ 1,500, అంతేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తగ్గుతోంది కదా. సరిగ్గా కడితే అది నూటికి నెలకి పది రూపాయల వడ్డీ. నా కారు లోను 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. ఆవిడ నాకంటే పదమూడు రెట్లు ఎక్కువ కడుతోంది. నేను తీసుకున్నది కారుకి, ఆవిడ పోయిన ఏడాది అదే డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్నది కొడుకు చెయ్యి విరిగితే కట్టు కట్టించడానికి. మనది ఈఎంఐ, వాళ్లది అప్పు చేసి పప్పుకూడు.

బ్యాంకుకి ఎందుకు వెళ్లదు? వెళ్లడానికి ఒక పూట పని మానాలి. జీతం కాగితం ఉండాలి. జామీను ఉండాలి. డైలీ ఫైనాన్స్ కుర్రాడు బండి మీద ఇంటి ముందుకే వస్తాడు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు మితిమీరి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడింది. ఫోను చేస్తే డబ్బు వస్తుంది, వాళ్లు ఫోను చేసినప్పుడు మొత్తం కట్టాలి, లేకపోతే ఇంటి మీదికి వస్తారు. ఈ రెండుసార్లూ పేపర్లు చదివి "వీళ్లెందుకు అలాంటి చోట తీసుకుంటారు" అనే అడిగాం. ఇదే ఆడవాళ్లకి పావలా వడ్డీకి డబ్బు దొరికితే డ్వాక్రా సంఘాల్లో వారం వారం కూర్చుని పైసలతో సహా కట్టారు. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు వేసుకుని కట్టారు. ఆ కట్టడం కోసమే కొందరు డైలీ ఫైనాన్స్‌కి కూడా వెళ్లారు. దాన్ని బాధ్యత లేకపోవడం అని ఎలా అనాలో నాకు తెలీదు.

బద్ధకం అంటారు ఇంకొందరు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ దుఫ్లో ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది కదా, వాళ్లు 2007లో రాసిన ఒక వ్యాసంలో మన గుంటూరు ఉంది. ఊళ్లోకెల్లా పెద్ద మురికివాడలో ఉదయం తొమ్మిదింటికి నడిస్తే, రోడ్డు వైపున్న ప్రతి ఆరో ఇంటి ముందూ ఒక ఆడమనిషి కిరసనాయిలు స్టవ్వు మీద దోసెలు పోస్తూ కనిపించిందట. దోసె రూపాయి. గంట తర్వాత వెనక్కి వస్తే ఎవరూ లేరు. అడిగితే తేలిందేమిటంటే, దోసెలు అయ్యాక ఒకరు చీరలు అమ్ముతారు, ఒకరు పచ్చళ్లు పడతారు, ఒకరు చెత్త ఏరతారు, ఒకరు కూలికి పోతారు. మనం "వీళ్లు ఒక పని మీద నిలబడరు" అంటాం. ఏ ఒక్క పనీ రోజంతా కూడు పెట్టకపోతే ఎవరు నిలబడతారు? ఇప్పుడు స్టవ్వులు గ్యాసువి, దోసె రూపాయికి రాదు. మిగతాది పెద్దగా మారలేదు. మా ఇంటికి వచ్చే ఆవిడ కూడా ఆఫ్ సీజన్‌లో మా స్టోరేజీకే వచ్చి మిరపకాయల తొడిమలు తీస్తుంది, కిలో లెక్కన. ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఆవిడ తుమ్ములు ఆగవు.

తాగుడు మాటేమిటి? ఇది దాటేస్తే మోసం చేసినట్టే. ఆవిడ భర్త యార్డులో ముఠా కూలీ. రోజంతా నలభై కిలోలు దాటిన టిక్కీలు మోస్తాడు, సాయంత్రం తాగుతాడు. ఒకసారి ఆవిడ మీద చెయ్యి చేసుకున్నాడు. కమిలిన దవడతో పనికి వచ్చింది. ఆ రోజు నేను ఆ మనిషి మీద తీర్పు చెప్పాను, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. పేదవాడు కాబట్టి కొట్టాడని ఎవరైనా జాలిపడితే, కొట్టని పేదవాళ్లందర్నీ అవమానించినట్టే. తాగుడుకైతే నా దగ్గర అంత సులువైన తీర్పు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటం 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానాకి ఆ డబ్బు కావాలి. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంలో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. అమ్మేవాళ్లకి ఆదాయం, తాగేవాడికి చెడ్డపేరు. మా బంధువుల్లో తాగేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు "అప్పుడప్పుడు తీసుకుంటారు".

విజయవాడ సింగ్‌నగర్‌లో మా బావమరిది అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో ఉంటాడు. "జనాన్ని ఉచితాలకి అలవాటు చేసి పాడుచేశారు బావా" అనేది వాడి ఊతపదం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి ఇళ్ల మీదికి వచ్చింది. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు, కారు నీళ్లలో. మూడో రోజు పడవలో వచ్చినవాళ్లు పైకి విసిరిన పులిహోర పొట్లం, పాల ప్యాకెట్ పట్టుకుంటుంటే ఎవరో వీడియో తీశారు. వాడు నాకు ఫోన్ చేసి మొదట అన్న మాట "మేం బాగున్నాం" కాదు. "బావా, ఆ వీడియో గ్రూపుల్లో తిరుగుతోందంట. ఎవరితోనైనా చెప్పి తీయించు" అన్నాడు. గొంతులో అంత సిగ్గు నేనెప్పుడూ వినలేదు. మూడు రోజులు చెయ్యి చాచడానికే అలా అయిపోయాడు.

తర్వాత ప్రభుత్వం కింది ఇళ్లకి 25,000, మొదటి అంతస్తు ఆ పైన 10,000 ఇస్తామంది. వాడు జాబితాలో పేరు చూసుకోవడానికి వెళ్లాడు. తప్పేం లేదు, నష్టపోయాడు. కారుకి ఇన్సూరెన్స్ వచ్చింది. వాళ్ల వెనక సందులో ఆటో అతనికి ఇంజను విప్పించడానికి మళ్లీ డైలీ ఫైనాన్సే దిక్కు. "వాగు పక్కన ఇళ్లు కట్టుకుంటే మునగవా" అని బయటివాళ్లు అంటే మా వాడికి ఒళ్లు మండేది. సంక్రాంతికి కలిశాం. మళ్లీ ఉచితాల మీద మొదలుపెట్టాడు. పులిహోర గుర్తుచేశాను. "అది వేరు బావా" అన్నాడు.

నాదీ ఒకటి చెప్పుకోవాలి. మా ఇంట్లో చాలా ఏళ్లు తెల్ల కార్డు ఉండేది. బియ్యం కోసం కాదు, ఆరోగ్యశ్రీ కోసం. 2007లో ఆ పథకం వచ్చినప్పుడు నా జీతానికి నేను ఎందులోకి వస్తానో నాకు బాగా తెలుసు, లెక్కలు రాసేవాణ్ణి కదా. అయినా ఉంచుకున్నాను. అమ్మకి గుండె ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది. దానికి నన్నెవరూ తప్పుపట్టలేదు. తెలివైనవాడన్నారు.

ఈ ఫిబ్రవరిలో మా అబ్బాయికి పంచెల ఫంక్షన్ చేశాం. నాకిష్టం లేదు, మా ఆవిడ పట్టు. మూడు లక్షలయింది, అందులో రెండు పర్సనల్ లోను. చదివింపుల దగ్గర నేనే కూర్చున్నాను. లెక్కలవాడు ఉండగా ఇంకొకర్ని ఎందుకని అందరూ నన్నే కూర్చోబెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్ల ఇప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడాది. కవరు లేదు, కొంగు ముడి విప్పి 1,116 బల్ల మీద పెట్టింది.

"వద్దు, ఉంచుకో" అన్నాను.

"వద్దంటే ఎట్లా సార్? రేపు మావాడి పెళ్లికి మీరు రారా ఏంటి? రాయండి."

వెనక జనం ఆగి ఉన్నారు. ఆవిడ కదలలేదు. పుస్తకంలో పేరు రాశాను, పక్కన "గారు" అని రాశాను. ఆవిడకి చదవడం రాదు, కూతురు వంగి చూసి చెవిలో ఏదో చెప్పింది.

"గారు ఎందుకు సార్, అంకె సరిగ్గా వేశారా?" అంది.